అట్లనే అక్కా

కల్బా.

నా తోడబుట్టినదానికంటె ఎక్కువైన చెల్లె సమ్మవ్వకు, నీ అక్క ఐలవ్వ చెప్పి రాయిస్తున్న మాటలు. నువ్వు, నీ బీడీల చాట, నీ నడుం నొప్పి, అందరు మంచిగనే ఉన్నరనుకుంట. నేను మంచిగనే ఉన్న. మంచిగలేనిది ఎవ్వలో ఇప్పుడు చెప్త. ముందుగాల ఒక మాట. ఈ ఉత్తరం బీడీల టేకేదారు బిడ్డతోని చదివించుకో, గని తలుపు పెట్టుకొని చదివించుకో. అలవాటు కొద్ది బీడీ కార్ఖానల అందరి నడుమ కూసోని చదివించుకుంటివా, పొద్దుమీకేసరికి పట్నమంత ఎరుకైతది. ఎరుకైతె సర్కారే కూలిపోతదట. నవ్వకు. ఉన్న మాటే చెప్తున్న.

ఫోన్ల చెప్పొచ్చు గద అంటవు. నా ఫోను గుంజుకున్నరు. గుంజుకున్నది పరాయోడు కాదు, నా మేనల్లుడు దయాకర్. అందుకే సెలవు మీద ఊరికి పోతున్న మన దిక్కు మేస్త్రి చేతికి ఈ కాయితం ఇస్తున్న. రాసేది మంగ. గోదారి దిక్కు మనిషి, నేను పనిచేసే ఫైజా ఇంట్లనే వంట చేస్తది. నేను 'ఒర్రిండు' అంటె ఆమె 'అరిచాడు' అని రాయవోతది. 'నా నోట్లకెళ్లి ఏది వస్తె గదే రాయి, నీ గోదారి నీళ్లు కలపకు' అన్న. 'మీరు చెప్పినట్టే రాత్తన్నానండి పెద్దమ్మగోరూ, రేపు చదివేవోళ్లకి అర్థం కాకపోతే నన్ను తిట్టుకోకండి' అంటది.

ఇగ సంగతి ఇను. నా తమ్ముడు భోజన్న పడిపోయిండు. మీ ఎమ్మెల్యే భోజన్న.

వాళ్ల సర్కారుకు సభల ఒక్క చెయ్యే ఎక్కువున్నదట. ఆ ఒక్క చెయ్యి తప్పితె కూలుడే. దగ్గర్ల బలం చూపెట్టే ఓటింగు ఉన్నదట. అవుతలోళ్లు ఎవ్వల్ని గుంజుకపోకుండ, తమ ఎమ్మెల్యేలందర్ని దుబాయ్ తోలుకొచ్చి సముద్రం ఒడ్డున పెద్ద హోటల్ల పెట్టిండ్రు. దాన్ని క్యాంపు అంటరట. మన పిల్లలు అబుదాబి దగ్గర మఫ్రఖ్‌ల ఇనుప మంచాల మీద ఒకని నెత్తిన ఒకడు పండేదాన్ని గూడ క్యాంపే అంటరు. నా కొడుకు అంజి పన్నది ఆ క్యాంపుల. నా తమ్ముడు పన్నది ఈ క్యాంపుల.

పొద్దుగాల తానం చేసి, పెండ్లాం మాలతి అంగీ గుండీలు పెడ్తుంటె, గట్లనే కూలబడ్డడట. కుడి దిక్కు మొత్తం పోయింది. సభల ఎత్తాల్సినోని చెయ్యే పోయింది చూడు. మాలతి, కొడుకు దయాకర్ ఎవ్వలికి చెప్పకుండ దావఖానకు పట్కపోయిండ్రు. 'ఇంకొన్నొద్దులు ఉంచాలె' అని డాక్టరు మొత్తుకున్నా ఇనకుండ, మా బాధ్యతే అని సంతకం పెట్టి ఇక్కడికి తెచ్చిండ్రు. ఫైజా వాళ్ల పాత ఇల్లు సముద్రం పక్కన ఖాళీగ ఉన్నది, తాళంచెవి నా దగ్గరుంటది. పార్టీకి ఏం చెప్పిండ్రో ఎరికేనా? 'భోజన్న వాళ్ల అక్కను చూడవోయిండు' అని. ఇన్నేండ్ల నుంచి నేను ఈ దేశంల పరాయి పిల్లల ముడ్లు కడుగుతున్న. భోజన్న దుబాయ్ వచ్చినప్పుడల్ల బర్ దుబాయ్‌ల మాలతికి చీరలు కొన్నడు గని నేనుండే ఈ కల్బా తొవ్వ ఒక్కనాడు తొక్కలె. ఇప్పుడు నోరు పడిపోయినంక అక్క యాదికొచ్చింది.

మాలతి కారు దిగంగనే, 'వదినా, మా పరువు నీ చేతుల ఉన్నది' అన్నది. వాళ్ల కొత్తింటికి నేను పోయిననాడు, 'వదినా, పెద్దోళ్లు వస్తున్నరు, నువ్వు వంటింట్ల కూసో' అన్న మాలతే ఈ మాలతి.

'నీ పరువు దొడ్డున్నదా సన్నగున్నదా మాలతీ? ముసలిదాన్ని, మొయ్యాలె గద' అన్న. దయాకర్ నవ్విండు. వాళ్లమ్మ చూపుకు మల్ల నోరు మూసుకున్నడు.

అసలు చిత్రం చెప్పలేదు. భోజన్నకు మాటలన్ని పోయినయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఏందో నేను చెప్పకుండనే నువ్వు చెప్తవు. 'అట్లనే.' ఊర్ల రోడ్డు అడిగినోనికి, పింఛను అడిగిన ముసలోళ్లకు, బోరు అడిగినోళ్లకు ఏం చెప్పేటోడు? 'అట్లనే అన్నా, అట్లనే అవ్వా.' ఆ మాట నాలిక మీద గంతగనం అరిగింది కావచ్చు, రోగం కూడ దాన్ని ఊడవెరకలేకపోయింది. 'ఆకలైతుందా' అంటె అట్లనే. 'కడుపు నిండిందా' అంటె అట్లనే. పార్టీ పెద్దమనిషి వెంకట్రావు ఫోను చేస్తడు. దయాకర్ ఫోను తెచ్చి నాయన చెవుకు పెడ్తడు.

'భోజన్నా, ఓటింగుకు మనం ఒక్కటిగ ఉండాలె.'

'అట్లనే.'

'అక్క మంచిగున్నదా?'

'అట్లనే.'

'నువ్వు తక్కువ మాట్లాడుడు మంచిదేనయ్యా, ఫోన్లు ఇంటున్నరట' అని వెంకట్రావు మెచ్చుకొని పెట్టేస్తడు. సర్కారు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలవడ్డది సమ్మవ్వా. మంగ నోట్ల కొంగు కుక్కుకొని నవ్వింది. నాకు నవ్వు రాలె.

ఎందుకు రాలెనో నీకు ఎరికే. కరోనా పోతున్న ఏడు మఫ్రఖ్‌ల పని కాడ మీదికెళ్లి పడి నా అంజి పోయిండు. ఆ ఏడు పెట్టెకు విమానంల జాగ దొరికింది, నాకు దొరకలె. భోజన్నకు అప్పుడు ఎలక్షన్లు. పెట్టెను పట్నం చౌరస్తల జీపు మీద పెట్టి, 'గల్ఫు బిడ్డల కోసం కొట్లాడే మేనమామను నేను' అని మైకుల ఏడ్సిండు. ఇక్కడ నేను ఫైజా ఫోన్ల చూస్తున్న. ఎండ నడినెత్తికొచ్చింది. ఫోను చేసి బతిమాలిన. 'తమ్మీ, పిలగాడు ఎండల ఉన్నడు. ఊరికి పట్కపో. జల్ది కాలవెట్టు.' ఏమన్నడు? 'అట్లనే అక్కా, అట్లనే.' ఫోను పెట్టేసి మల్ల జీపెక్కిండని నువ్వే చెప్తివి. తడి బట్ట తెచ్చి పెట్టె మీద కప్పవోతె, 'ఫొటోల అడ్డం వస్తున్నవ్' అని నిన్ను దొబ్బిండ్రని నువ్వే చెప్తివి. పొద్దుమీకేదాక పెట్టె ఎండలనే ఉన్నది. భోజన్న గెలిచిండు.

అందుకే ఈ మనిషి చెయ్యికి పొద్దుమాపు నూనె రాస్తున్న. నాలిక కదలనీకి చెంచతోని నోట్ల తిప్పిపిస్తున్న. ఆయన మీద పాణం పెట్టుకొని కాదు. నాకు ఈయన మాట తిరిగి రావాలె. వచ్చినంక అదే చౌరస్తల కూసోవెట్టి, 'నా అక్క బతిమాలినా, దాని కొడుకును ఎండవెట్టి ఓట్లు అడుక్కున్న' అని ఆయన నోటితోనే చెప్పిస్త. అప్పటిదాక ఈయనను సావనియ్య. నా కేసు ఇదే. వకీలు లేడు, కోర్టు లేదు. నువ్వొక్కదానివే సాక్షివి.

ఉంట మరి. నీ అక్క ఐలవ్వ, వేలిముద్ర.

కల్బా.

చెల్లె సమ్మవ్వకు ఐలవ్వ రాయించేది.

నీ జవాబు మేస్త్రి తెచ్చిచ్చిండు. మంగ చదివింది. 'ఆ ముండకొడుకు గుడ్డలు నువ్వు పిండుడేందక్కా, కుళ్లనియ్యి' అని రాయించినవు. మంగ ఆ ముక్క రెండుసార్లు చదివింది, కోపంగ చదివిందో ఇష్టంగ చదివిందో తెల్వది. నీ కోపం నాకు పట్టెడన్నం లెక్క. గని ఇక్కడ ఆయన కుళ్లాలని కోరుకునేటోళ్లు నాకంటె ముందున్నరు. అది చెప్పనీకే ఈ ఉత్తరం.

మంచంల పడ్డ ఎమ్మెల్యే ఎవ్వలికి కొరగాడట. సచ్చినోడే నయమట. ఎట్లనంటవా, దయాకర్ చెప్పంగ నేను ఇన్నది చెప్త. ఓటింగుకు మనిషి సభకు పోయి కూసోవాలె, ఇంట్ల పండి 'అట్లనే' అంటె నడువదు. పోకపోతె సర్కారు పడ్తది. రాజీనామా పెట్టాలంటె సంతకం కావాలె, కుడి చెయ్యి లేదు. బీఏ చదివినోడు నా లెక్క వేలిముద్ర వేస్తె రోగం బయటవడ్తది. అదే సచ్చిపోయిండనుకో, జాగ ఖాళీ అయితది, మల్ల ఎలక్షన్ వస్తది, జనం ఏడ్సుకుంట ఇంట్లోళ్లకే ఓటేస్తరు. అంజి పెట్టె మీద గెలిచినోని పెట్టె మీద ఇంకోలు గెలుస్తరన్నట్టు. అవుతలి పార్టీ దయాకర్‌కు మాట పంపింది. 'మీ నాయనను ఓటింగుకు రానియ్యకు, ఆయన తర్వాత ఆ సీటు మీ ఇంటికే' అని.

ఇగ ఇంట్లోళ్లంటె ఎవ్వలు? కొట్లాట అక్కడ షురువైంది. భోజన్న మంచం ఇవుతల, వాళ్లిద్దరు తలుపు అవుతల. తలుపు తీసే ఉన్నది. చెవులు పోలేదని వాళ్లకు యాదికి లేదు.

'అమ్మా, నేను తిరిగిన ఊర్లు నువ్వు తిరిగినవా? జనాలు నన్నే అడుగుతరు' అంటడు దయాకర్.

'బొట్టు పోయేది నాది. ఓట్లు పడేది నా మొఖం చూసి. నీ మొఖం చూసి అప్పులోళ్లు తప్ప ఎవ్వలు రారు.'

'బొట్టు ఇంకా పోలేదు గదనే!'

'అదే గద నేను గూడ అంటున్న.'

భోజన్న నా దిక్కు చూసిండు. ఎడమ కంట్లకెళ్లి నీళ్లు కారి చెవుల పడ్డయి. నేను తుడువలె. తుడుస్త అనుకున్నవా?

మర్నాడు ఇద్దరు రెండు వీడియోలు తీసుకున్నరు. ముందుగాల దయాకర్ నాయనకు తెల్లంగి తొడిగి, వెనుక మెత్తలు పెట్టి, 'నాయినా, నీ తర్వాత నేనే గద' అని అడిగిండు. 'అట్లనే.' దయాకర్ బయటికి పోంగనే మాలతి తలుపు పెట్టి, 'ఏమండీ, మీ తర్వాత నన్నే నిలవడమన్నరు గద' అన్నది. 'అట్లనే.' ఇద్దరు ఎవ్వలి ఫోన్ల వాళ్లు వారసత్వం దాచుకున్నరు. 'నేను కూడా ఓ వీడియో తీసుకోనా అండీ' అన్నది మంగ. 'నీ తర్వాత మంగే గద' అని అడుగమన్న. నవ్వుకుంట గిన్నెలు కడుగవోయింది.

నవ్వు ఆడికే అయిపోయింది. మాపటికి మందుల సంచి తెరిస్తె నెత్తురు పలుచన చేసే గోలీలు లేవు. మాలతిని అడిగిన.

'డాక్టరు బంద్ చెయ్యమన్నడు వదినా. ఆయనకు ఊకె ఎందుకు కష్టం?'

'ఏ డాక్టరు? ఈడికి ఈగ గూడ రాలె.'

'నువ్వు చదువుకున్నదానివా, మందుల గురించి అడుగనీకి?'

'చదువుకోలె. అందుకే నాకు గోలీ కావాలె. చదువుకున్నదానివి నీకైతె శవం కావాలె.'

మాలతి చెయ్యెత్తింది. నేను కదల్లే. 'కొట్టు. ఫైజా ఇంటి మనిషిని కొట్టు. ఆమె పోలీసులను పిలిస్తె ముందుగాల ఆ అర్రలనే చూస్తరు. ఎమ్మెల్యేను దాచినోళ్లు ఎవ్వలో పేపర్ల వస్తది' అన్న. దించింది. ఫైజాకు చెప్పి, ఆమె డ్రైవరుతోని గోలీలు తెప్పించిన. ఫైజా అరబ్బీల అడిగింది, వాళ్లకు మామా అంటె అమ్మ, 'మామా ఐలవ్వా, ఆ మనిషి నీకు ఏమైతడు?' అని. ఏం చెప్పాలె? 'తమ్ముడు' అన్న. 'అల్లా నీకు మంచి చేస్తడు' అని నా నెత్తి ముద్దువెట్టుకున్నది. నేను ఏ మంచికి చేస్తున్ననో అల్లాకు ఎరుక.

ఇప్పుడు గోలీలు నా రైకల ఉంటున్నయి. జావ నేనే తాపిస్తున్న. వాళ్ల చేతి నీళ్లు గూడ ముట్టనిస్తలేను. మంగ అంటది, 'మీకంత పగైతే పెద్దమ్మగోరూ, ఊరుకుంటే ఆళ్లే సంపేత్తారు కదండీ, మీ చేతికి మన్ను అంటదు కదా.' సచ్చినోడు చౌరస్తల మాట్లాడుతడా మంగా అన్న. ఆ మాట రాయి, ఉన్నదున్నట్టు రాయి అన్న. రాసింది.

నాలిక కదులుతున్నది సమ్మవ్వా. నిన్న జావ తాగినంక 'అ' అని, ఆగి, 'అం' అన్నడు. అంజి అనవోయిండో ఏమో. నాకు రాత్రంత నిద్ర లేదు. ఇన్నేండ్లకు నా కొడుకు పేరు ఆ నోట్లకెళ్లి వస్తదేమో అని.

నీ అక్క ఐలవ్వ, వేలిముద్ర.

కల్బా.

సమ్మవ్వకు నీ అక్క చెప్పేది.

ఈ ఉత్తరం తలుపు పెట్టుకొని చదివించుకోకు. కార్ఖానల అందరు బీడీలు చుట్టుకుంట కూసున్నప్పుడు, గట్టిగ చదివించు. నీకు పార్టీల సంగతి ఈపాటికే ఎరుకై ఉంటది. సర్కారు పడ్డది. పడగొట్టింది ఎవ్వలో మాత్రం మీ దిక్కు ఎవ్వలికి ఎరుకలేదు. నేనే.

'అం' అన్నది అంజి కాదు. అంబులెన్సు.

ఓటింగు రేపు ఎల్లుండి అనంగ, మాలతి, దయాకర్ ఇద్దరు దుబాయ్ పోయిండ్రు, అవుతలి పార్టీ మనిషితోని సీటు మాట పక్కా చేసుకొని రానీకి. ఒకల మీద ఒకలకు నమ్మకం లేక జోడుగనే పోయిండ్రు. ఇంట్ల నేను, ఆయన. దుప్పటి మారుస్తుంటె, 'అక్కా' అన్నడు. స్పష్టంగ. నా చేతుల దుప్పటి జారింది. మాట ఎప్పుడో తిరిగి వచ్చిందట. తల్లి, కొడుకు ఏమేం మాట్లాడుకుంటరో ఇందామని, దొంగ నక్క లెక్క పండి 'అట్లనే, అట్లనే' అనుకుంట ఊకున్నడట. చూసినవా? మంచంల గూడ రాజకీయమే.

'అక్కా, వీళ్లు నన్ను సంపుతరు. వెంకట్రావుకు కబురు పంపు. అంబులెన్సుల ఐనా సరే, విమానం ఎక్కిస్తె చాలు. ఎడమ చెయ్యి ఉన్నది. సభల ఎత్తుత. నా సీటు ఆ కుక్కలకు పోనియ్య.' మాట మెల్లగ, ముద్దముద్దగ వస్తున్నది, గని ప్రతి ముక్క తెలుస్తున్నది.

నేను మంచం పట్టె మీద కూసున్న.

'పంపుత. ముందుగాల అంజి మాట చెప్పు.'

'ఏ మాట?'

'ఎండల పెట్టిన మాట. నేను బతిమాలిన మాట.'

నా మొఖం చూసిండు. గుర్తున్నది, కండ్లల్ల కనవడ్డది. నేను గంత దూరం అడుగలె సమ్మవ్వా. చౌరస్త గూడ ఇడిచిపెట్టిన. తప్పైంది అక్కా అని నాకొక్కదానికే అంటె, వెంకట్రావును నేనే ఎత్తుకొచ్చేదాన్ని. నీ మీద ఒట్టు.

'అది రాజకీయం అక్కా. పోయినోడు పోయిండు. ఆ పెట్టె లేకపోతె నేను ఎమ్మెల్యే కాకపోదును, నిన్ను గూడ ఎవ్వలు దేకకపోదురు. ఇప్పుడు అవన్ని ఎందుకు? ముందు ఓటు పని చూడు.'

అంతల్నే గేటు కాడ కారు హారను కొట్టింది. కిటికీలకెళ్లి చూస్తె తెల్లంగి, నల్ల కండ్లద్దాలు, టీవీల చూసిన మొఖమే. వెంకట్రావు. అనుమానమొచ్చి తానే వెతుక్కుంట వచ్చిండు. భోజన్న గూడ మెడ తిప్పి కిటికీలకెళ్లి చూసి ఎడమ చెయ్యితోని నా కొంగు పట్టుకున్నడు. బలం మంచిగనే వచ్చింది. నేను రాసిన నూనె బలం.

'వెంకట్రావే! పిలువు అక్కా, లోపలికి పిలువు. జల్ది.'

నేను కొంగు ఇడిపించుకున్న. ఆయన నెత్తి నిమిరిన.

'అట్లనే తమ్మీ' అన్న. 'అట్లనే.'

అర్ర తలుపు దగ్గరికేసి, ఏసీ పెద్దగ చేసి, గేటు కాడికి పోయిన. వెంకట్రావు దండం పెట్టిండు.

'అమ్మా, భోజన్నగారి అక్కయ్య మీరేనా అండి? ఆయన ఉన్నారా?'

'ఉంటె నాకెందుకు బిడ్డా ఈ ఏడుపు? కొడుకుతోని పోయిండు. అవుతలోళ్ల బంగ్లాకు పోతున్నమన్నరు.'

మనిషి మొఖం సున్నం కొట్టినట్టు తెల్లబడ్డది. 'అమ్ముడుపోయాడన్నమాట!' అన్నడు. లోపల పిట్ట గొంతంత సప్పుడు వస్తున్నది, 'వెంకట్రావూ, వెంకట్రావూ' అని. ఏసీ గురగురల అది నాకే ఇనవడ్డది, ఆయనకు ఇనరాలె. 'మంచినీళ్లు తాగుతవా బిడ్డా' అన్న. వద్దన్నడు. కారు తిరిగింది. అది సముద్రం తొవ్వ ఎక్కి కనవడకుండ పోయేదాక గేటు పట్టుకొని నిలవడ్డ.

ఓటింగు అయిపోయింది. చెయ్యి తక్కువైంది. అందరు భోజన్న అమ్ముడువోయిండని ఫొటో కాలవెట్టుడు మంగ ఫోన్ల చూపెట్టింది. అదే చౌరస్త. అవుతలి పార్టీ గద్దెనెక్కినంక, దయాకర్ ఫోను ఎత్తుతలేరు. ఆ సీటుకు వాళ్ల సొంతోడు ఉన్నడట. ఇప్పుడు ఎలక్షన్ వస్తె తల్లి, కొడుకు ఇద్దరు ఓడుతరు. అందుకే ఇప్పుడు ఆయన బతకాలెనట! మొన్నటిదాక గోలీలు దాచిన మాలతి, పోయేటప్పుడు నా చేతులు పట్టుకొని, 'వదినా, ఎట్లన్న చేసి ఆయనను బతికించు, మేం సభకు సెలవు చీటీలు పంపుకుంట ఉంటం' అన్నది. భోజన్న వాళ్ల ముందట నోరు ఇప్పలె. ఇప్పితె ఏమైతదో అని భయం. 'పోయొస్తం నాయినా' అని దయాకర్ అంటె, 'అట్లనే' అన్నడు. కారెక్కి పోయిండ్రు, ఖలాస్.

ఇప్పుడు ఇంట్ల మేమిద్దరమే. ఫైజా వాళ్లకు ఆయన మాట తెల్వది. తెలిసేది నాకు, మంగకు. పొద్దుగాల గోలీ ఏస్త, జావ తాపిస్త, నూనె రాస్త. ఒంటికి ఒక్క పుండు కానిస్తలేను. తెల్లంగి తొడిగి, చక్రాల కుర్చీల కూసోవెట్టి, సముద్రం పక్కన ఎండల పెడ్త. మల్ల షురువు చేస్తడు.

'అక్కా, ఎండ. లోపలికి తీస్కపో.'

'అట్లనే తమ్మీ' అంట.

'అక్కా, తప్పైంది. అంజి సంగతి తప్పైంది అక్కా.'

ఇప్పుడు అంటున్నడు సమ్మవ్వా. రోజు అంటున్నడు. ఎండకు అంటున్నడో, తప్పుకు అంటున్నడో నేనెట్ల నమ్మాలె? 'అట్లనే' అంట. మంగ చూడలేక, 'పాపం పెద్దమ్మగోరూ, ముసిలాయన్ని నీడకి లాగండి' అని ఏడ్సింది. ఈ ముక్క రాయనని కలం కింద పెట్టింది. 'రాయకపోతె నువ్వు గూడ వాని పార్టీవే' అన్న. ముక్కు చీదుకొని రాస్తున్నది.

నన్ను ఆడిపోసుకునేటోళ్లు కార్ఖానల ఉంటె వాళ్లకు ఒక్క మాట చెప్పు. ఆయనను ఒక్కన్నే ఎండల పెడ్తలేను. పక్కన ఇసుకల నేను గూడ కూసుంట, నెత్తి మీద కొంగు గూడ కప్పుకోకుండ. ఆనాడు నా కొడుకు పక్కన కూసోలేకపోయిన. పొద్దుమీకేదాక కూసుంట. పొద్దుమీకినంక లోపలికి తీస్కపోత.

నీ అక్క, అంజి తల్లి, ఐలవ్వ. కింద నా వేలిముద్ర. పక్కన ఆయనది గూడ ఏపిచ్చిన. 'ఇక్కడ వేలు పెట్టు తమ్మీ' అంటె, ఏం కాయితమో గూడ అడుగలె. అట్లనే అక్కా అన్నడు.